పదిహేనేళ్లు నిండిన బెంజ్‌ని అమ్మకుండా ఉంచుకున్నాను

మా ఇంట్లో ఉన్నది 2008 నాటి మెర్సిడెస్ బెంజ్ ఈ 220 సీడీఐ, డీజిల్ బండి. ముందు కోలగా ఉండే జంట హెడ్‌లైట్లతో వచ్చిన తరం, కంపెనీ కోడ్‌లో డబ్ల్యూ 211. 2014లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఉమ్మడి రాష్ట్రంలో ఖైరతాబాద్‌లో రిజిస్టర్ అయిన బండి కాబట్టి నంబర్ ఏపీ 09తో మొదలవుతుంది. తర్వాత టీఎస్ వచ్చింది, ఇప్పుడు టీజీ వచ్చింది, దీని నంబర్ మాత్రం అదే. 2023 నవంబర్‌కి ఆర్‌సీ పదిహేనేళ్ల గడువు ముగుస్తుందనగా ఆ సంక్రాంతి నుంచే ఇంట్లో చర్చ మొదలైంది. అమ్మేసి కొత్త కారు కొనాలా, రెన్యువల్ చేయించి దీన్నే ఉంచుకోవాలా? చివరికి ఉంచుకున్నాను. ఇలాంటి బండి చేతిలో పెట్టుకుని ఎటూ తేల్చుకోలేక టెన్షన్ పడేవాళ్లకు పనికొస్తుందని, ఎలా తేల్చుకున్నానో, డబ్బు ఎక్కడెక్కడ పోయిందో రాస్తున్నాను.

"డీజిల్ బండికి పదేళ్లే కదా బావా, ఇంకా ఎలా తిప్పుతున్నారు?" అని మా బావమరిది అడిగాడు. చాలామందికి ఉన్న అనుమానమే ఇది. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానికి గ్రీన్ ట్రిబ్యునల్ పెట్టిన గీత. 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. మన దగ్గర నడిచేది మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్: సొంత కారు ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత బండి బాగుంటే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. కారుకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, దానిపైన గ్రీన్ ట్యాక్స్. అంటే చట్టం నన్ను అమ్మమనడం లేదు. బండి అంత బాగుందా అన్నదొక్కటే తేలాలి.

అమ్మితే ఎంత వస్తుందో కూడా కనుక్కున్నాను. గడువు దగ్గరపడిన డీజిల్ బెంజ్ అనగానే సెకండ్‌హ్యాండ్ డీలర్లు రెండు లక్షల దగ్గర ఆగిపోయారు. ఒకాయనైతే పార్టుల కోసమే తీసుకుంటానని చెప్పేశాడు. ఇంజన్ చెక్కుచెదరకుండా, లోపల తోలు సీట్లు చిరగకుండా ఉన్న బండిని ముక్కలు చేస్తానంటే మనసు ఒప్పుకోలేదు.

కొత్తదాని లెక్క కూడా నిజాయితీగానే వేశాను. మాకు నచ్చిన ఎస్‌యూవీ ఎక్స్‌షోరూమ్ 24 లక్షలు. అప్పట్లో తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతం, అంటే ఆ ఒక్క పద్దే 4.32 లక్షలు. ఇన్సూరెన్స్, మిగతావి కలిపితే ఆన్‌రోడ్ 30 లక్షలకు చేరింది. ఎనిమిది లక్షలు చేతి నుంచి కట్టి మిగతాది ఐదేళ్ల లోన్ తీసుకుంటే, తొమ్మిది శాతం వడ్డీకి నెలకు 45 వేలు దాటుతుంది కిస్తీ. కట్టలేని మొత్తమేం కాదు. కానీ టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ పట్టుకున్నప్పుడు నాకు తేడా తెలిసింది. పెద్ద స్క్రీన్, వెనక కెమెరా, సీట్లకు చల్లగాలి అన్నీ ఉన్నాయి. గతుకుల రోడ్డు మీద మా పాత బండిలో ఉండే నిబ్బరం మాత్రం అందులో దొరకలేదు. హైవే మీద వంద దాటినా పక్కవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు మా బండిలో. తొమ్మిదేళ్లుగా దానికి అలవాటుపడిన చెవులకు కొత్త కారు రొదగానే అనిపించింది.

మా ఆవిడకు కెమెరా కావాలి, అది న్యాయమైన కోరికే. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. సెడాన్‌లో కిందికి వంగి కూర్చోవడం, మళ్లీ లేవడం ఆవిడకు కష్టం. ఎస్‌యూవీకి పడ్డ బలమైన ఓటు ఇదే, నేను దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. ముందు సీటును మోటారుతో పూర్తిగా పైకి, వెనక్కి జరిపి అమ్మను చాలాసార్లు ఎక్కించి దించి చూశాం. ఆ ఎత్తు చాలంది. వెనక సీటు మాత్రం ఆవిడకు ఇప్పటికీ ఇబ్బందే, ముందే కూర్చుంటుంది.

ఇక అసలు పని, బండిని పూర్తిగా పరీక్ష చేయించడం. అప్పటికి రెండు జబ్బులు కనిపిస్తున్నాయి. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ దగ్గర చఫ్ చఫ్ మని చిన్న శబ్దం, దానితోపాటు ఏసీలోంచి పొగ వాసన. రెండోది గేర్‌బాక్స్. రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు కుదుపు, అప్పుడప్పుడు రెండో గేరులోనే బిగుసుకుపోవడం. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచేది. నగరంలోని ఒక పెద్ద వర్క్‌షాప్‌లో చూపిస్తే కంప్యూటర్ పెట్టి చదివి, ఆరు లక్షలు దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ కొత్తవి, గేర్‌బాక్స్ లోపల గేర్లు మార్చే వాల్వ్ బాడీ, దాన్ని నడిపే కంప్యూటర్ అంటే కంట్రోల్ యూనిట్ కొత్తవి, సస్పెన్షన్ మొత్తం కొత్తది. ఏది నిజంగా పాడైంది, ఏది ముందుజాగ్రత్తకు రాశారు అనడిగితే సూటిగా జవాబు రాలేదు. ఆ కాగితం చూసే చాలామంది ఇలాంటి బండ్లు వదిలేసుకుంటారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తర్వాత, చాలాకాలంగా బెంజ్‌లే చేసే ఒక భాయ్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన చేసిన మొదటి పని బానెట్ ఎత్తి, ఇంజన్ మీది ప్లాస్టిక్ కవర్ తీసి నన్ను పిలవడం. "ఇదిగో సార్, చూడండి" అన్నాడు. రెండో ఇంజెక్టర్ చుట్టూ నల్లగా, గట్టిగా, తారు గడ్డకట్టినట్టు ఒక ముద్ద. ఈ సీడీఐ ఇంజన్లన్నిటికీ తెలిసిన రోగమే ఇది. ఇంజెక్టర్ అడుగున ఒక చిన్న రాగి వాషర్ ఉంటుంది. అది పట్టు వదిలితే సిలిండర్‌లో మండిన గ్యాస్ మసితో సహా పైకి తన్నుకొస్తుంది, వేడికి అక్కడే గడ్డకడుతుంది. చఫ్ చఫ్ శబ్దం, ఏసీలో పొగ వాసన రెండూ దాని వల్లే. వదిలేస్తే ఇంజెక్టర్ కూర్చునే చోటే తినేస్తుంది, అప్పుడు ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, దించాల్సిందే.

నాలుగూ మార్చాలా అనడిగితే ఆయన నవ్వి, ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజన్ కాసేపు ఐడిల్‌లో నడిపాడు. పాడైన ఇంజెక్టర్ ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతుంది. మూడు సీసాల్లో దాదాపు ఒకే మట్టం, ఒకదాంట్లో మాత్రం చాలా ఎక్కువ. ఇంత సులువైన పరీక్షతో మూడు ఇంజెక్టర్ల ఖర్చు తప్పింది. ముద్దను కరిగించే ద్రావకం పోసి రాత్రంతా నాననిచ్చి, ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు ఇంజెక్టర్‌ను మెల్లగా తిప్పుతూ బయటకు తీశారు. కూర్చునే చోటును ప్రత్యేకమైన కట్టర్‌తో చదును చేసి, కొత్త రాగి వాషర్లు, కొత్త బోల్టులు వేశారు. ఆ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, తీసినవాటిని మళ్లీ వాడకూడదు. తొందరపడి లాగితే లోపల విరిగే ప్రమాదం ఉన్న పని ఇది. అందుకే ఏదో ఒక డీజిల్ మెకానిక్‌కి కాకుండా, దీన్ని ఎప్పుడూ చేసేవాళ్లకే ఇవ్వాలి.

గేర్‌బాక్స్ కథ ఇంకా ముఖ్యం. మా బండిలో ఉన్నది ఐదు గేర్ల ఆటోమేటిక్, 722.6 అంటారు. గట్టి గేర్‌బాక్స్. దీని ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని మొదట్లో కంపెనీయే చెప్పింది, తర్వాత 60,000 కిలోమీటర్లకు మార్చమంది. మా బండి మొదటి ఓనర్ సర్వీస్ పుస్తకంలో గేర్‌బాక్స్ ఆయిల్ ప్రస్తావనే లేదు. వైర్లు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చోట ప్లాస్టిక్ ప్లగ్గు ఒకటి, దానికి రబ్బరు రింగులు ఉంటాయి. రింగులు గట్టిపడితే ఆయిల్ ఊరుతుంది. కింద కారి పోతే కనీసం మరకైనా కనిపిస్తుంది. ఇక్కడ అది వైర్ల లోపలి సందుల్లోంచి పైకి పాకి నేరుగా గేర్‌బాక్స్ కంప్యూటర్ డబ్బాలోకి చేరుతుంది. భాయ్ ఆ కంప్యూటర్ ప్లగ్గు ఊడదీసి తెల్ల గుడ్డతో తుడిచాడు, గుడ్డకు ఎర్రటి ఆయిల్ అంటింది. కొత్త కంట్రోల్ యూనిట్ అక్కర్లేకుండా పోయింది. దాన్ని శుభ్రం చేసి, ప్లగ్గు, లోపలి స్పీడ్ సెన్సర్ల ప్లేటు, ఫిల్టర్, గాస్కెట్ మార్చి కొత్త ఆయిల్ నింపారు. ఈ గేర్‌బాక్స్‌కు మనం చూసుకునే డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్ తగినంత వేడెక్కాక వర్క్‌షాప్ కొలకర్రతోనే మట్టం చూడాలి. కొలకర్ర లేకుండా అందాజాగా పోసేవాళ్ల దగ్గర ఈ పని చేయించకండి. ఆ పని తర్వాత ఇప్పటిదాకా ఒక్క కుదుపు లేదు.

ఇంజెక్టర్ల పనికి 48 వేలు, గేర్‌బాక్స్‌కు 62 వేలు అయ్యాయి. ఆరు లక్షల ఎస్టిమేట్‌లో సింహభాగం రాసింది ఈ రెండు పనులకే.

మిగతాదంతా దాదాపు రబ్బరు. ఇనుము అరగకపోయినా రబ్బరు ఎండిపోతుంది. ముందు కంట్రోల్ ఆర్ముల బుష్‌లు, బాల్ జాయింట్లు, ఇంజన్ మౌంట్లు, కూలెంట్ పైపులు, బ్రేకు గొట్టాలు అన్నీ మార్పించాను. బ్రేకు గొట్టాలు పైకి బాగానే కనిపించినా పదిహేనేళ్ల రబ్బరును నేను నమ్మను. టైర్లు ట్రెడ్ ఉన్నా తీసేశాను. పక్కన అండాకారంలో నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మావి ఆరేళ్లు దాటినవి. నాలుగు కొత్త టైర్లకు 44 వేలు, సస్పెన్షన్‌కు 85 వేలు, బ్రేకులకు 38 వేలు, బ్యాటరీ, బెల్టులు, పైపులు, మౌంట్లు కలిపి 55 వేలు. ఇంజెక్టర్లు, గేర్‌బాక్స్ పనితో కలిపి మొత్తం 3 లక్షల 32 వేలు.

పార్టులు తెప్పించడం ఒక విద్య, అది నేర్చుకోకుండా ఇలాంటి బండి ఉంచుకోవడం కష్టం. ముందు ఛాసిస్ నంబర్‌తో పార్టు నంబర్ కనుక్కోవాలి. ఏ 211 అని మొదలైతే ఈ బాడీకి, ఏ 646 అయితే ఈ ఇంజన్‌కి చేసినది. ఆ నంబర్ చేతిలో ఉంటే హైదరాబాద్‌లోనైనా, ఢిల్లీ కశ్మీరీ గేట్ పార్టుల మార్కెట్‌లోనైనా ఫోన్ మీదే బేరం నడుస్తుంది. బెంజ్ డబ్బాలో వచ్చే బుష్ చేసేది చాలాసార్లు లెమ్‌ఫోర్డర్ వాళ్లే. వాళ్ల సొంత డబ్బాలో కొంటే అదే ముక్క చాలా తక్కువకు వస్తుంది, మీద నక్షత్రం గుర్తు మాత్రం చెరిపేసి ఉంటుంది. ఫిల్టర్లకు మాన్, షాకబ్జార్బర్లకు సాక్స్, ఇంజెక్టర్లకు బాష్. అంతకంటే చవకగా దొరికే పేరులేని ముక్కల జోలికి పోవద్దని భాయ్ ముందే చెప్పాడు. లేబర్ రెండుసార్లు కట్టాల్సి వస్తుందని ఆయన భయం, అది నిజమే.

స్టీరింగ్ ప్రెజర్ పైపు కారుతుంటే మాత్రం కొత్తది కొనలేదు. నందిగామలో మా ఊరికి వెళ్లినప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో చూపించాను. పాత పైపు చివరల్లోని లోహపు ముక్కలు ఉంచి, మధ్యలో కొత్త హై ప్రెజర్ గొట్టం వేసి యంత్రంతో నొక్కి ఇచ్చారు. లారీలకు, పొక్లెయిన్లకు రోజూ చేసే పని వాళ్లది. ఇప్పటివరకు చుక్క కారలేదు. మన దగ్గర ఇలాంటి చేతిపని ఇంకా బతికి ఉండటం పాత బండి ఉంచుకునేవాళ్లకు పెద్ద అండ, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

ఆర్‌టీఏ పని నేను అనుకున్నంత భారం కాలేదు. గడువుకు అరవై రోజుల ముందు నుంచీ రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు, కాబట్టి రిపేర్లన్నీ సెప్టెంబర్‌కల్లా ముగించాను. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి స్లాట్ తీసుకున్నాను. ఇన్సూరెన్స్, ఒరిజినల్ ఆర్‌సీ, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకున్నాను. ఈ పొల్యూషన్ పరీక్షే నాకు భాయ్ పనితనం చూపించింది. మా బండి బీఎస్ 3 అనే పాత పొగ నిబంధనల కాలానిది. ఆ డీజిల్‌కు పొగ పరిమితి 65 హెచ్‌ఎస్‌యూ (పొగ ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత). రిపేర్లకు ముందు పెట్రోల్ బంకు దగ్గరి వ్యానులో చేయిస్తే 50 దగ్గర వచ్చింది, పరిమితి లోపలే. ఇంజెక్టర్ల పని అయ్యాక అదే పరీక్షలో 20ల్లోకి దిగింది. పాత డీజిల్ అంటే పొగబండి అని తిట్టేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. సరిచేసుకోకుండా తిప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఊరి గాలి పీల్చేది మన పిల్లలే కాబట్టి పరిమితి లోపల ఉందిలే అని ఊరుకోకుండా, ఎంత తగ్గించగలమో అంతా తగ్గించాలని నా అభిప్రాయం.

ఇన్‌స్పెక్టర్ గారు ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ సరిచూశారు. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్లు వేయించారు, కాస్త దూరం నడిపించి బ్రేకు కొట్టమన్నారు. "బాగా ఉంచుకున్నారే బండిని" అన్నారు. 2028 నవంబర్ వరకు ఆర్‌సీ వచ్చింది.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 7,897 రూపాయలు, పైన జీఎస్టీ. పూర్తి కవరేజీ దొరుకుతుంది గానీ, ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టే విలువ, అసలు విలువకు చాలా తక్కువ ఉంటుంది, పార్టుల అరుగుదల కోయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ ఇవ్వరు. అంటే పెద్ద దెబ్బ తగిలితే వచ్చే డబ్బుతో బాగుచేయించుకోలేం. ఇది తెలిసే ఉంచుకున్నాను. మరో విషయం, బండి ఆగిపోతే వెనక చక్రాలు నేల మీద ఈడ్చే టోయింగ్ చేయనివ్వకూడదు, గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. బండి మొత్తాన్ని ఎక్కించుకునే లారీ రావాల్సిందే. ఆ నంబర్ ఫోన్‌లో ఉంచుకోండి.

తర్వాతి ఖర్చు 2024లో 70 వేలు, 2025లో 90 వేలకు దగ్గర. అందులో ఆయిల్ సర్వీసులతోపాటు టెయిల్‌లైట్ గాస్కెట్ కూడా ఉంది. ఆ గాస్కెట్ ఎండితే వాన నీళ్లు డిక్కీలోకి దిగి, అక్కడున్న ఫ్యూజుల మాడ్యూల్ తడుస్తుంది. చిన్న ముక్కే, మర్చిపోతే పెద్ద ఖర్చు. సన్‌రూఫ్ నీళ్ల గొట్టాలు కూడా ఏటా మృగశిరకు ముందే ఊదించి శుభ్రం చేయిస్తాను. మైలేజీ ఊర్లో 11, విజయవాడ హైవే మీద 15. మొదటి ఏడాది పెట్టిన 3.32 లక్షలు కొత్త కారు కిస్తీల్లో ఏడు నెలలకు సరిపోతాయి. మా ఆవిడకు వెనక కెమెరా విడిగా పెట్టించాను, అది ఈ లెక్కలో లేదు.

అయితే అందరికీ ఇదే చేయమని చెప్పను. ఇంట్లో ఇంకో చిన్న కారు ఉంది కాబట్టి ఇది వారం రోజులు షెడ్డులో ఉన్నా మాకు గడుస్తుంది. ఒక్కటే కారుతో రోజూ ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లు ఆ నిరీక్షణ భరించలేరు. ఇదే తరంలో 2006కు ముందు వచ్చిన వాటికి ఎలక్ట్రానిక్ బ్రేకులు ఉంటాయి, ఎస్‌బీసీ అంటారు. దానికోసం కంపెనీ 2004లో, 2005లో బండ్లను వెనక్కి పిలిచింది, 2006 మార్పుల్లో ఆ వ్యవస్థనే తీసేసింది. అలాంటి బండిని నేనైతే ఉంచుకోను. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవాటికి కూడా ఖర్చు లెక్క వేరే. మామూలు స్ప్రింగులు, నాలుగు సిలిండర్ల ఇంజన్, ఈ ఐదు గేర్ల గేర్‌బాక్స్ ఉండబట్టే నా లెక్క కుదిరింది.

2028 నాటికి బండికి ఇరవై ఏళ్లు నిండుతాయి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 10,000 చేశారు, దానివల్ల నా నిర్ణయం మారదు. తుప్పు, ఏబీఎస్ యూనిట్ ఈ రెండింటి మీదే కన్నేసి ఉంచాను. ఏటా వానాకాలం అయ్యాక లిఫ్ట్ మీద ఎక్కించి, సస్పెన్షన్‌ను మోసే ఇనుప చట్రం (సబ్‌ఫ్రేమ్) చుట్టూ, జాకీ పెట్టే చోట్ల చూయిస్తున్నాను. ఈసారి వెనక ఎడమ వైపు రూపాయి బిళ్లంత తుప్పు కనిపిస్తే గీకించి ప్రైమర్ కొట్టించాం. వేసవిలో వెనక సబ్‌ఫ్రేమ్ బుష్‌లు మార్చాలన్నాడు భాయ్, వాటికి ఆర్డర్ పెట్టాను.